మూడొందల కూలీ, మూడొందల రీచార్జి: ఓటీటీల పోటీలో మన గూడెం ఎక్కడ?

2024-25లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉపాధి హామీ పనికి కేంద్రం నిర్ణయించిన రోజు కూలీ 300 రూపాయలు. అదే ఏడాది జూలైలో ఫోన్ కంపెనీలు రేట్లు పెంచాయి. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఇచ్చే జియో 28 రోజుల రీచార్జి 239 నుంచి 299 రూపాయలకు చేరింది. అంటే ఒక రోజు మట్టి పని, ఒక రీచార్జి. కొలతల్లో తేడా వస్తే 300 పూర్తిగా చేతికి రాదు. రీచార్జిలో మాత్రం రూపాయి తగ్గదు.

28 రోజులకు ఒకటి చొప్పున ఏడాదికి 13 రీచార్జిలు. ఒక ఫోను బతికుండాలంటే 3,887 రూపాయలు, అంటే పదమూడు రోజుల కూలీ. ఇంట్లో రెండు ఫోన్లుంటే ఇరవై ఆరు రోజులు. ఇందులో ఇంకా ఒక్క సినిమా యాప్‌కు కూడా చందా కట్టలేదు.

ఓటీటీల గురించి రాస్తూ రీచార్జితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నెట్‌ఫ్లిక్స్ ఎంత తగ్గించింది, హాట్‌స్టార్ ఎంత పెంచింది అని పత్రికలు రాసే లెక్క పట్నంలో ఇంటికి వైఫై ఉన్నవాళ్ల లెక్క. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ములకలపల్లి మండలాల్లోని గూడేల్లోనూ, ఖమ్మం జిల్లా దళితవాడల్లోనూ సినిమా టికెట్ అంటే రీచార్జే. ఈ పోటీలో మనల్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటున్నారు, ఏ పేరుతో తీసుకుంటున్నారు అన్నది అర్థం కావాలంటే ముందు పోటీ ఎలా నడుస్తుందో తెలియాలి.

చందాదారుడి కోసం ఎందుకింత పాకులాట

హాట్‌స్టార్ 2015లో వచ్చింది. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, డిసెంబర్‌లో అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో అడుగుపెట్టాయి. ఆ రెంటి మధ్య, 2016 సెప్టెంబర్‌లో, జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. 2018లో జీ5, 2020లో పూర్తిగా తెలుగు కోసమని ఆహా మొదలయ్యాయి. ఆహా వెనుక అల్లు అరవింద్ గీతా ఆర్ట్స్, మై హోం గ్రూపు ఉన్నాయి.

ఈ వ్యాపారం కిరాణా కొట్టు లాంటిది కాదు. కొట్లో పది కిలోల బియ్యం అమ్మాలంటే పది కిలోలూ కొనాలి. సినిమా హక్కులు మాత్రం ఒక్కసారి కొంటే చాలు. లక్షమంది చూసినా కోటిమంది చూసినా హక్కుల ఖర్చు దాదాపు అదే. అందుకే కొత్తగా చేరే ప్రతి మనిషీ కంపెనీకి దాదాపు నికర ఆదాయం. అదే సమయంలో చందాదారుడు నిలకడ లేనివాడు. ఒక సినిమా కోసం నెల కడతాడు, చూసేస్తాడు, వెళ్లిపోతాడు. అందుకే కంపెనీకి రెండు పనులు: మనిషిని లోపలికి తేవాలి, తెచ్చాక బయటికి పోనివ్వకూడదు.

తేవడానికి ఇంకెక్కడా దొరకనిది ఒకటి కావాలి: పెద్ద హీరో సినిమా, క్రికెట్. నిలబెట్టడానికి వారం వారం వచ్చే ఎపిసోడ్లు, ఏడాది చందాపై తగ్గింపు, రీచార్జితో కలిపి ఇచ్చే ఉచితం కావాలి. ఆహా బాలకృష్ణతో 'అన్‌స్టాపబుల్' నడిపినా, 'తెలుగు ఇండియన్ ఐడల్' పెట్టినా పని ఈ రెండోదే.

ఒక సినిమా, రెండు గుమ్మాలు

పోటీ పెరిగితే వినియోగదారుడికి లాభం అని అర్థశాస్త్రం పాఠంలో చదువుకుంటాం. ఓటీటీలో ఆ పాఠం సగమే నిజం. రెండు షాపుల్లో ఒకే సబ్బు ఉంటే ధర తగ్గుతుంది. ఇక్కడ ఒక్కో షాపులో ఒక్కో సబ్బు ఉంటుంది, మరో షాపులో అది దొరకదు.

'పుష్ప' మొదటి భాగం ప్రైమ్ వీడియోలో వచ్చింది. రెండో భాగం 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అడవిలో దుంగలు మోసే కూలీ కథ మొత్తం చూడాలంటే అదే అడవి కూలీ రెండు చందాలు కట్టాలి.

'ఆర్ఆర్ఆర్' సంగతి ఇంకా స్పష్టం. 2022 మే నెలలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషల్లో జీ5కి, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లింది. ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ దాన్ని స్పానిష్, పోర్చుగీస్, కొరియన్, టర్కిష్ భాషల్లోనూ వినిపించింది. కొమురం భీం పేరు పెట్టుకున్న సినిమా ఇస్తాంబుల్‌లో ప్రేక్షకుడికి వాళ్ల భాషలో అందింది. భీం మాట్లాడిన గోండీ మాత్రం ఆ భాషల్లో లేదు.

2011 జనాభా లెక్కల్లో గోండీని మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 29 లక్షలకు పైనే. దానికి దగ్గరి భాష కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షలకు పైనే. మనుషులు లేక కాదు. ఆ మనుషుల నుంచి నెలకు ఎంత వస్తుంది అని లెక్కేసి పక్కన పెట్టారు. ఈ రెండు భాషలూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేవు. 2003లో సంథాలీ, బోడో భాషలు చేరాయి, గోండీ, కోయ చేరలేదు. రాజ్యం లెక్కించని భాషను మార్కెట్టూ లెక్కించడం లేదు.

క్రికెట్ చేతులు మారితే

ఈ పోటీ ఎలాంటిదో ఒక్క ఉదాహరణతో చూడాలంటే ఐపీఎల్ చాలు. 2022లో జరిగిన వేలంలో 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల డిజిటల్ హక్కులను రిలయన్స్‌కు చెందిన వయాకామ్18 గెలుచుకుంది. కట్టిన మొత్తం 23,758 కోట్లు. అంతవరకు ఆ హక్కులు హాట్‌స్టార్ దగ్గర ఉండేవి.

2023 ఐపీఎల్‌ను జియోసినిమా పైసా తీసుకోకుండా చూపించింది. 2022 అక్టోబర్ మొదట్లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌కు 6 కోట్ల 13 లక్షల చందాదారులు ఉన్నారు. ఏడాది తిరిగేసరికి వాళ్లు 3 కోట్ల 76 లక్షలకు పడిపోయారు. రెండు కోట్ల ముప్పై లక్షలకు పైగా మనుషులు ఒక ఆట వెంట నడిచి వెళ్లిపోయారు. పోటీగా హాట్‌స్టార్ కూడా ఆ ఏడాది ప్రపంచకప్‌ను ఫోన్లలో ఉచితంగా చూపింది.

ఇద్దరూ ఉచితంగా ఇస్తుంటే చివరికి ఏమైంది? ఇద్దరూ కలిసిపోయారు. 2024 నవంబర్‌లో డిస్నీ భారత వ్యాపారం, వయాకామ్18 ఒకే కంపెనీ అయ్యాయి. అందులో రిలయన్స్, వయాకామ్18ల వాటా కలిపి 63 శాతం పైనే. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ పేరుతో ఒకే యాప్ వచ్చింది. మరుసటి నెలలో ఐపీఎల్ మొదలయ్యే ముందు జియో ఒక ఆఫర్ ప్రకటించింది: 299 రూపాయలు లేదా అంతకు మించి రీచార్జి చేస్తే 90 రోజులు జియోహాట్‌స్టార్ ఉచితం.

ఈ 299ని గుర్తుపట్టారు కదా. మనం మొదట లెక్కేసుకున్న ఒక రోజు కూలీ ఇదే. ఆ రీచార్జి చేసిన మనిషి సినిమా చూసినా చూడకపోయినా 'చందాదారుడు' అని లెక్కకెక్కుతాడు. అదే నెలలో ఆ యాప్ చందాదారులు పది కోట్లు దాటారు. సిగ్నల్ ఇచ్చేది, యాప్ నడిపేది, క్రికెట్ చూపేది, టీవీ చానెళ్లు నడిపేది ఒకే ఇల్లు అయినప్పుడు దాన్ని పోటీ అనాలో గుత్తాధిపత్యం అనాలో విద్యార్థులు చర్చించుకోవాలి.

ఉచితం ఖరీదు

మన దేశంలో ఓటీటీ ధరలు తక్కువే. నెట్‌ఫ్లిక్స్ 2019లో 199 రూపాయల మొబైల్ ప్లాన్ తెచ్చింది, 2021 డిసెంబర్‌లో దాన్ని 149కి తగ్గించింది. ఆహా మొదట్లో రోజుకు రూపాయి చొప్పున ఏడాదికి 365 అడిగింది. జియోహాట్‌స్టార్ మొబైల్ ప్లాన్ మూడు నెలలకు 149తో మొదలైంది. 2023 మధ్యలో డిస్నీ చెప్పిన లెక్క ప్రకారం హాట్‌స్టార్‌కు ఒక్కో చందాదారుడి నుంచి నెలకు వచ్చింది 59 సెంట్లు, అంటే దాదాపు యాభై రూపాయలు. అదే కంపెనీకి అమెరికాలో ఒక్కో మనిషి నుంచి ఏడు డాలర్లకు పైగా వచ్చేది.

యాభై రూపాయలతో పెద్ద సినిమాల హక్కులు కొనలేరు. అందుకే మిగతాది ప్రకటనల నుంచి రాబట్టుకుంటారు. ప్రైమ్ వీడియో కూడా 2025 జూన్ నుంచి ఇక్కడ చందా కట్టినవాళ్లకే ప్రకటనలు చూపిస్తోంది, అవి వద్దంటే అదనంగా కట్టమంటోంది. ప్రకటన ఇచ్చేవాడికి కావలసింది కొనగలిగే మనిషి. కారు, ఫ్లాటు, బంగారం కొనేవాడి చూపుకు ఉన్న ధర, తునికాకు ఏరి రీచార్జి చేసుకునే మనిషి చూపుకు ఉండదు. కథలు ఎవరి కోసం తయారవుతాయన్నది ఇక్కడే తేలిపోతుంది. కులం పేరు ఎత్తకుండానే పని జరిగిపోతుంది. ఆస్తి ఎవరి దగ్గర ఉందో వాళ్ల అభిరుచే 'ప్రేక్షకుల అభిరుచి' అవుతుంది.

ఇక డేటా. మామూలు నాణ్యతతో సినిమా చూస్తే గంటకు ఒక జీబీ వరకు, హెచ్‌డీలో అయితే మూడు జీబీల వరకు ఖర్చవుతుందని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఉన్న ఫోన్‌లో రెండున్నర గంటల తెలుగు సినిమా ఒకేరోజు పూర్తి కాకపోవచ్చు. సగం సినిమా ఇవాళ, సగం రేపు. ఆ మధ్యలో పిల్లల పాఠానికో, ఆన్‌లైన్ దరఖాస్తుకో డేటా కావాలంటే సినిమానే ఆగాలి.

మాట్లాడుకోవడానికి మాత్రమే ఫోను వాడేవాళ్లతో డేటా బలవంతంగా కొనిపించడంపై ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. కాల్స్, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే రీచార్జిలు కంపెనీలు తప్పకుండా అమ్మాలి. మీ ఊళ్లో రీచార్జి షాపువాళ్లు ఆ ప్లాన్ చెప్పకపోతే అడగండి. మన అమ్మమ్మల ఫోన్లకు అదే సరిపోతుంది.

టవర్ ఎవరి డబ్బు

అడవి అంచు గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలు తమంతట తాము టవర్లు వేయలేదు. ప్రతి టెలికాం కంపెనీ తన ఆదాయంలో 5 శాతం ప్రభుత్వ నిధికి కట్టాలి. దాన్ని సార్వత్రిక సేవా నిధి అనేవారు, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. కంపెనీలు కడతాయన్నది పేరుకే. ఆ డబ్బు దేశంలో ప్రతి రీచార్జి నుంచి వచ్చేదే.

మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలని పేరు పెట్టిన పది రాష్ట్రాల జిల్లాల్లో ఆ నిధితోనే బీఎస్ఎన్ఎల్ టవర్లు నిలబడ్డాయి. తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ ఆ పదిలో ఉన్నాయి. కానీ అవి మొదట 2జీ టవర్లు. ఫోన్ మోగేది, వీడియో కదిలేది కాదు. 2,343 చోట్ల వాటిని 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2022 ఏప్రిల్‌లో. అదే ఏడాది జూలైలో 4జీ అందని 24,680 గ్రామాల కోసం 26,316 కోట్లతో మరో పథకానికి ఒప్పుకుంది.

ఆ ప్రకటనల్లో మొదటి పథకం పేరులోనే 'భద్రతా స్థలాలు' అని ఉంది. గూడెం అవసరం రెండో వరసలోకి పోయింది. సిగ్నల్ రాకముందే సిగ్నల్ కావలసిన పనులు మాత్రం వచ్చాయి. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ హాజరును రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. నెట్‌వర్క్ సరిగా లేని చోట ఆ హాజరు ఎక్కించడం కష్టమైంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఏ ఊరు మునిగింది, ఎవరు ఎక్కడ చిక్కుకున్నారు అన్న కబురు కూడా ఫోను మీదే ఆధారపడింది. పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం నుంచి ఆంధ్రకు మార్చిన చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలకు ఈ మాట మరీ వర్తిస్తుంది.

కాబట్టి గూడేనికి 4జీ కావాలని అడగడాన్ని సినిమాల కోసం సరదా కోరికగా కొట్టిపారేయడానికి లేదు. అది కూలీకీ, ప్రాణానికీ సంబంధించిన డిమాండు. ప్రజల డబ్బుతో వేసిన టవర్ మీద చివరికి లాభం తీసుకునేది ఓటీటీ కంపెనీలే అయినప్పుడు ఈ మాట ఇంకా గట్టిగా అడగాలి.

ఫోను ఎవరి చేతిలో

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్‌నెట్ వాడిన పురుషులు 57 శాతం, స్త్రీలు 33 శాతం. తెలంగాణ స్త్రీలలో అది 26.5, ఆంధ్ర స్త్రీలలో 21 శాతం. ఇది అన్ని కులాలూ, పట్నాలూ కలిపిన సగటు. ఇంట్లో ఒక్క ఫోను ఉంటే అది మగవాళ్ల జేబులోనో, కొడుకు చేతిలోనో ఉంటుంది. మిర్చి కోతకు పోయి పొద్దుగూకి వచ్చి వంట చేసే తల్లికి మిగిలే టైములో డేటా అయిపోయి ఉంటుంది. యాప్ లెక్కలో ఆ ఇల్లు మొత్తం ఒక్క చందాదారుడు. ఆ ఒక్కడు ఏం చూశాడో దాన్నిబట్టి మళ్లీ ఏం చూపించాలో యాప్ నిర్ణయిస్తుంది. ఆమె ఇష్టం ఆ లెక్కలోకి ఎప్పటికీ రాదు.

తెరుచుకున్న తలుపు, మళ్లీ మూసిన తలుపు

అంతా చీకటే అంటే అబద్ధం అవుతుంది. కోవిడ్‌లో థియేటర్లు మూతపడి, ఓటీటీలు సినిమాల కోసం ఎగబడిన 2020, 2021లలో మన కథలకు ఒక తలుపు తెరుచుకుంది. 'కలర్ ఫొటో' 2020 అక్టోబర్‌లో నేరుగా ఆహాలో వచ్చి జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం అయింది. పా.రంజిత్ 'సార్పట్ట', ఆ తర్వాత 'జై భీమ్' థియేటర్ లేకుండానే ప్రైమ్ వీడియోలో ఇంటింటికీ చేరాయి. లాకప్పులో ఆదివాసీని చంపితే ఏమవుతుందో తెలుగు ఇళ్లల్లో మాట్లాడుకున్నారు. థియేటర్ యజమానినో, డిస్ట్రిబ్యూటర్‌నో ఒప్పించాల్సి వస్తే ఈ సినిమాలకు ఇన్ని తెరలు దొరికేవా అన్నది అనుమానమే.

అయితే ఆ తలుపులోంచి ఏం లోపలికి వచ్చిందో కూడా చూడాలి. 'కలర్ ఫొటో'లో వివక్షకు రంగు పేరు పెట్టారు, కులం పేరు నేరుగా పెట్టలేదు. 'జై భీమ్' ఆధారపడిన 1993 నాటి అసలు కేసులో చనిపోయిన రాజాకన్ను కురవ సముదాయానికి చెందినవాడు, సినిమాలో ఇరుళ అని చూపారు. న్యాయం గెలిపించిన లాయరు కథానాయకుడయ్యాడు, పోరాడిన భార్య రెండో స్థానంలో నిలిచింది. మంచి సినిమాను మెచ్చుకుంటూనే ఈ ప్రశ్నలు అడగొచ్చు.

కథ మరీ గుచ్చుకుంటే తలుపు మూసుకుంటుంది కూడా. దళిత బాలికపై అత్యాచారం, హత్య కేసు చుట్టూ తిరిగే సంధ్యా సూరి సినిమా 'సంతోష్' బ్రిటన్ తరఫున ఆస్కార్‌కు వెళ్లింది. మన సెన్సార్ బోర్డు విడుదలకు ఒప్పుకోలేదు. 2025 అక్టోబర్‌లో ఓటీటీలో వస్తుందని తేదీ ప్రకటించాక అదీ ఆగిపోయింది. వెబ్‌లో చూపడానికి సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. అయినా ఆగింది. పోటీ పడే కంపెనీలు చందాదారుడి కోసం ఎంత దూరమైనా పోతాయి గానీ, అధికారంతో గొడవ పడేంత దూరం పోవు.

మనం చేయగలిగినవి

ఒకటి, ఫిర్యాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి ఓటీటీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. దళితులను, ఆదివాసీలను కించపరిచే దృశ్యం కనిపిస్తే ఏ ఎపిసోడు, ఏ నిమిషం అని రాసి పంపండి. జవాబు నచ్చకపోతే పై స్థాయికి వెళ్లొచ్చు. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై మాటలతోనో దృశ్యాలతోనో ద్వేషం రెచ్చగొడితే అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(యూ) ఉంది.

రెండు, ఒప్పందం. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు కథలను డోలు మీద పాడిన గొంతు 2024లో ఆగిపోయింది. అలాంటి గొంతుల కోసం కెమెరాలు ఇప్పటికే గూడేలకు వస్తున్నాయి, ముందుముందు ఇంకా వస్తాయి. కాపీరైట్ చట్టం కళాకారుడి ప్రదర్శనకు 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నా, వ్యాపారానికి వాడితే రాయల్టీ పొందే హక్కు పోదు. చేతిలో రెండు వేలు పెట్టి ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఇక చెల్లదని చెప్పాలి. కాగితం తెలుగులో అడగండి, కోయలో చదివి వినిపించమనండి. పెసా చట్టం ప్రకారం సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభది. షూటింగ్ గూడెం దాకా వచ్చిందంటే ఆ మాట గ్రామసభలో చర్చకు రావాలి.

మూడు, ప్రజల వేదిక. కేరళ ప్రభుత్వం 2024 మార్చిలో సీస్పేస్ అనే సొంత ఓటీటీ పెట్టింది. నెల చందా లేదు, చూసిన సినిమాకు 75 రూపాయలు. అదే ఏడాది నవంబర్‌లో ప్రసారభారతి వేవ్స్ మొదలుపెట్టింది. ఆంధ్ర ఫైబర్‌నెట్ 2023లో 99 రూపాయలకు ఇంట్లోనే మొదటి రోజు సినిమా చూపించే ప్రయత్నం చేసింది. ప్రభుత్వం ఓటీటీ నడపలేదు అనేవాళ్లకు ఇవి జవాబు. గిరిజన ఉపప్రణాళిక నిధులున్న రాష్ట్రంలో కోయ, గోండీ, లంబాడీ భాషల్లో సినిమాలు, పాటలు, పాఠాలు ఉచితంగా చూపే వేదికను ఐటీడీఏ ద్వారా అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

నాలుగు, సొంత కెమెరా. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మొదలైన 'మై విలేజ్ షో' యూట్యూబ్‌లో ఊరి భాషకు ప్రేక్షకులున్నారని చూపింది. హైదరాబాద్‌లో పుట్టిన 'దళిత్ కెమెరా' పెద్ద చానెళ్లు చూపని గొంతులను రికార్డు చేసి దాచింది. కాలేజీ విద్యార్థులు సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్ల పాటలు, కథలు, పోరాటాల జ్ఞాపకాలు అడిగి, అనుమతి తీసుకుని, పేర్లు రాసుకుని రికార్డు చేయండి. ఓటీటీ కొంటుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు ఆ రికార్డు మన దగ్గర ఉండాలి.

ఏ యాప్ గెలిచిందో, ఏది మునిగిందో వ్యాపార పేజీలు రాసుకుంటాయి. పోయినా వచ్చినా 299 మాత్రం మన చెమటే. దానికి బదులు ఆ తెర మీద మన భాష, మన పేరు, మన వాటా ఎంత ఉన్నాయని అడిగే హక్కు ప్రతి రీచార్జితోనూ మనకు వస్తుంది. చందాదారుల లెక్కలో మనల్ని కలుపుకున్నవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి.